యముణ్ని నిలదీసిన ముని

పోలీసు కథల మీద ప్రేక్షకులు చెప్పుకునే అభిప్రాయాలు చాలావరకు నటన దగ్గర, కథ నడక దగ్గర, హింస మోతాదు దగ్గర ఆగిపోతాయి. 'పాతాళ్ లోక్' విషయంలో మాట ఇంకొంచెం లోతుకు వెళ్ళింది. 2020 మే 15న, జనం లాక్‌డౌన్‌లో ఇళ్ళల్లో కూర్చున్న రోజుల్లో, అమెజాన్ ప్రైమ్‌లో వచ్చిన హిందీ సిరీస్ అది, తొలి సీజన్ తొమ్మిది భాగాలు. హంతకుల చిన్నతనాన్ని అంత వివరంగా చూపించడమంటే వాళ్ళను వెనకేసుకు రావడమేనని కొందరు నొచ్చుకున్నారు. ఆ చిన్నతనం చూశాక వాళ్ళను ద్వేషించడానికి మనసు ఒప్పలేదని మరికొందరు అన్నారు. ఈ రెండు మాటలూ ఎదురెదురుగా నిలబడ్డట్టు కనిపిస్తాయి గానీ రెండింటికీ పునాది ఒక్కటే: మనిషి గతం తెలుసుకోవడం అంటే అతనికి చేసే ఉపకారం అన్న నమ్మకం. ఒకరు ఆ ఉపకారం చేయకూడదంటారు, ఇంకొకరు చేయాలంటారు. ఆ పునాదే సరైంది కాదని నా వాదన. నేరస్థుడి గతం అతని నేరాన్ని రవ్వంత కూడా తగ్గించదు. అది హద్దులో పెట్టేది శిక్షించేవాడి అధికారాన్ని. ఈ మాట మన ధర్మచింతనకు పరాయిదేమీ కాదు. మహాభారతం ఆదిపర్వంలో ఒక ముని ఏకంగా యమధర్మరాజు ఎదుటే ఈ మాట అన్నాడు.

ముందు కథ సంగతి. యమునకు అవతలి ఒక పోలీస్ స్టేషన్‌లో ఎదుగూ బొదుగూ లేకుండా ఏళ్ళు గడిపిన ఇన్‌స్పెక్టర్ హాథీరామ్ చౌదరి. ఆ పాత్ర జైదీప్ అహ్లావత్‌ది. పేరున్న టీవీ జర్నలిస్టు సంజీవ్ మెహ్రాను చంపడానికి వచ్చిన నలుగురు పట్టుబడితే కేసు అతని చేతికొస్తుంది. నలుగురిలో అందరికంటే భయంకరుడు త్యాగి. సుత్తితో మనుషుల్ని చంపుతాడు, నోరు విప్పడు. దర్యాప్తు ఢిల్లీ దాటి బుందేల్‌ఖండ్‌లోని చిత్రకూట్ దాకా, పంజాబ్ దాకా పోతుంది. త్యాగి బడికెళ్ళే వయసులో, భూమి తగాదాలో దాయాదులు అతని అక్కచెల్లెళ్ళ మీద చేసిన అఘాయిత్యం బయటపడుతుంది. రెండోవాడు పై కులాల చేతిలో అవమానాలు తిని ఎదురు తిరిగినవాడు, దానికి బదులుగా అతని తల్లిని చెరిచారు. మూడోవాడు తన మతాన్ని దాచుకుని బతికే ముస్లిం యువకుడు. ఇంకొకరు రైల్వే స్టేషన్‌లో అనాథగా పెరిగిన ట్రాన్స్ మహిళ. ఈలోగా కేసు సీబీఐ చేతికి వెళ్ళిపోయి, సరిహద్దు అవతలి కుట్రగా మారి పత్రికలకెక్కుతుంది. హాథీరామ్ సస్పెండ్ అవుతాడు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. హాథీరామ్ ఈ నలుగురి గతాన్ని జాలితో తవ్వలేదు. మొదట్లో అందరు పోలీసుల్లాగే చేయి చేసుకున్నాడు. ఎందుకు వచ్చారో, ఎవరు పంపారో తెలియాలంటే ఎక్కణ్ణుంచి వచ్చారో తెలియక తప్పలేదు. గతం అతనికి సాక్ష్యంగా అవసరమైంది. పై అధికారులు వదిలేసిన సాక్ష్యం అదొక్కటే, కేసు అసలు ముడి విడిపోయింది కూడా దానితోనే.

సిరీస్ పేరు మీద కూడా కొందరు నొచ్చుకున్నారు. మొదట్లోనే హాథీరామ్ తన కింది ఉద్యోగికి లోకం తీరు వివరిస్తాడు: పైన స్వర్గంలో దేవతలు, నడుమ భూమ్మీద మనుషులు, అడుగున పాతాళంలో పురుగులు. రాజధానిలోని పేటలను అతను అలాగే విడగొడతాడు. శాస్త్రాల్లో ఉన్న మాటేనంటూ, తాను చదివింది మాత్రం వాట్సాప్‌లో అని తనే ఒప్పుకుంటాడు. పురాణాలు తెలిసినవారికి ఇది కష్టంగా తోచడం సహజం, ఎందుకంటే పురాణాల్లో పాతాళం నరకం కాదు. అతలం నుంచి పాతాళం దాకా ఉన్న ఏడు లోకాలనూ భాగవతం ఐదో స్కంధం సుఖసంపదలకు స్వర్గాన్ని మించిన చోట్లుగా వర్ణిస్తుంది. విష్ణుపురాణంలో నారదుడు పాతాళం చూసి వచ్చి, దేవతల నడుమ దాన్ని మెచ్చుకుంటాడు. వామనుడు బలిని తొక్కిన సుతలంలో విష్ణువే వాకిలి కాచాడని పోతన భాగవతం చదివిన ప్రతి తెలుగువాడికీ తెలుసు. దేవుడు కాపలా ఉన్న లోకాన్ని పురుగుల కుప్పగా మార్చింది శాస్త్రం కాదు, ఠాణా. సిరీస్ రచయితలు ఈ తేడాను చూసి రాశారో లేదో గానీ, ఆ మాటను పండితుడి నోట కాకుండా అలసిపోయిన పోలీసు నోట పెట్టడం వల్ల నిజం దానంతట అదే బయటపడింది. ఎవరు ఏ లోకానికి చెందుతారో నిర్ణయించే అధికారం తమకుందని నమ్మేవాళ్ళ భాష అది.

ఇక మొదట చెప్పిన ముని, మాండవ్యుడు. మౌనవ్రతంలో ఉన్న ఆ మునీశ్వరుడి ఆశ్రమంలో దొంగలు సొత్తు దాచి, అక్కడే నక్కారు. వెంట తరుముకుంటూ వచ్చిన రాజభటులు దొంగలు ఎటు పోయారని అడిగారు. ముని పలకలేదు. వెతికితే సొత్తు దొరికింది, దొంగలూ దొరికారు. పలకనివాడు దోషే అయి ఉంటాడని అందరినీ కలిపి రాజు దగ్గరికి తీసుకుపోయారు, రాజు అందరినీ శూలానికి ఎక్కించమన్నాడు. ముని తపోబలంతో చావలేదు. విషయం తెలిసి రాజు కాళ్ళ మీద పడ్డాడు. శూలం ఊడి రాక కోస్తే, దాని మొన ఒంట్లోనే మిగిలిపోయింది. ఇంతవరకు ఇది తొందరపాటు అరెస్టు కథ. ముని ఇక్కడ ఆగి ఉంటే రాజును క్షమించి వెళ్ళిపోయిన సాధువుల్లో ఒకడయ్యేవాడు. ఆయన నేరుగా ధర్మదేవత అయిన యముడి కొలువుకు వెళ్ళాడు. నేను చేసిన ఏ పాపానికి ఈ ఫలం అని అడిగాడు. చిన్నప్పుడు నువ్వు పురుగుల తోకల్లో గడ్డిపుల్లలు గుచ్చావు, దానికి ఇది అన్నాడు ధర్ముడు. మాండవ్యుడు తాను ఆ పని చేయలేదనలేదు. పురుగుల ప్రాణం లెక్కలోది కాదనీ అనలేదు. ఇంత చిన్న తప్పుకు ఇంత పెద్ద దండన ఏమిటన్నాడు. ఊహ తెలియని వయసులో చేసిన పనిని ఈ లెక్కలో ఎలా కలిపావన్నాడు. పద్నాలుగేళ్ళ లోపు చేసినది పాపంగా లెక్కకు రాకూడదని హద్దు పెట్టి, ఆ హద్దు ఎరగని న్యాయాధిపతిని శూద్రగర్భంలో పుట్టమని శపించాడు. ధర్ముడు విదురుడై పుట్టాడు. కర్మఫలం పంచే దేవుడికే అనుపాతం తప్పే హక్కు లేదని, తప్పితే శిక్ష అనుభవించాలని చెప్పిన కథ ఇది. ప్రపంచ మత సాహిత్యంలో ఇంత ధైర్యమైన ఘట్టాలు అరుదు. శాపంలో కులానికి దక్కిన స్థానం మనల్ని ఇబ్బంది పెడుతుంది, పెట్టాలి కూడా. కానీ న్యాయం చెప్పేవాడు తీర్పు కింద నలిగేవాళ్ళ మధ్య పుట్టి పెరగాలన్న ఆలోచన అందులోనే ఉంది. ఆ విదురుడే తర్వాత కురుసభలో ధర్మం మాట్లాడగలిగిన కొద్దిమందిలో ఒకడయ్యాడు.

"చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవ" అని మన సామెత. నేరస్థుల గతం చూపించడం దండగనేవాళ్ళు తెలిసో తెలియకో ఈ సామెత మీద నిలబడతారు. కర్మసిద్ధాంతం తమ వైపే ఉందనుకుంటారు. ఆ సామెతలో "అంత" అనే కొలత ఉంది. ఆ కొలత ఎవరు కొలుస్తారు, దేనితో కొలుస్తారు అన్నదే మాండవ్యుడు అడిగింది. భగవద్గీత చివరి అధ్యాయంలో ఏ పనికైనా ఐదు కారణాలు చెప్పారు: అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం. చేసేవాడు ఐదింటిలో ఒకడు. తానొక్కడే సమస్తానికీ కర్తనని చూసేవాడి చూపు సరైంది కాదని కూడా ఆ వెంటనే ఉంది. ఆ మాట సాధకుడి అహంకారాన్ని ఉద్దేశించిందే, నిజమే. కానీ నా పనిలో నేనొక్కణ్ణే కర్తను కానప్పుడు, ఎదుటివాడి పనిలో అతనొక్కడే కర్త ఎలా అవుతాడు? నా విజయానికి కారణాలు పంచి, అతని నేరానికి మాత్రం అతణ్ని ఒంటరిని చేస్తే అది గీత చెప్పిన చూపు కాదు. త్యాగి చేతిలో సుత్తి త్యాగిదే. ఆ చేతి వెనక ఉన్న భూమి తగాదా, ఆ అఘాయిత్యానికి న్యాయం చేయని వ్యవస్థ, చేరదీసి హంతకుణ్ణి చేసుకున్న బందిపోటు నాయకుడు, ఆ నాయకుడితో పొత్తు పెట్టుకున్న రాజకీయం, ఇవన్నీ ఆ పనిలో వాటాదార్లే. గతాన్ని వదిలేయడం వల్ల బాగుపడేది ఈ వాటాదార్లే.

దీనికి ఎదురుగా వచ్చే మొదటి అభ్యంతరం బలమైన ప్రశ్నే: అదే లేమిలో, అదే అవమానంలో పెరిగినవాళ్ళంతా హంతకులు కావడం లేదు కదా? ఈ ప్రశ్నకు సిరీస్‌లోనే సాక్ష్యం ఉంది. హాథీరామ్ కింద పనిచేసే ఇమ్రాన్ అన్సారీ తన మతం పేరున తోటి పోలీసుల మాటలు పడుతూనే సివిల్స్ పరీక్షకు చదువుకుంటాడు. హాథీరామ్ కూడా తండ్రి దెబ్బలు తిని పెరిగినవాడే, కొడుకు విషయంలో ఆ తండ్రిలా మారకూడదని తంటాలు పడతాడు. కాబట్టి మనిషికి ఎంచుకునే స్వేచ్ఛ ఉంది. నేను దాన్ని కాదనడం లేదు. స్వేచ్ఛ లేకపోతే నేరమూ లేదు, పశ్చాత్తాపమూ లేదు. కారణం చూపడం వేరు, మాఫీ చేయడం వేరు. బౌద్ధంలోని అంగుళిమాలుడి కథ ఈ తేడాను బాగా చూపిస్తుంది. చంపినవాళ్ళ వేళ్ళు దండ గుచ్చుకున్న ఆ దొంగ బుద్ధుడి వెంట నడిచి భిక్షువవుతాడు. రాజు ప్రసేనజిత్తు ఐదు వందల గుర్రపు దండుతో పట్టుకోవడానికి వచ్చి, ఆ మార్పు చూసి వెనుదిరుగుతాడు. కానీ కథ అక్కడ ముగియదు. భిక్షకు వెళ్ళినప్పుడు జనం విసిరిన రాళ్ళకు తల పగిలి, పాత్ర పగిలి, నెత్తురోడుతూ వస్తే బుద్ధుడు ఓర్చుకోమంటాడు, ఇది నీ కర్మఫలమేనంటాడు. క్షమ దొరికింది, ఫలం తప్పలేదు. ఇంకో విశేషం ఉంది. మూల సూత్రంలో అతను ఎందుకు అలా అయ్యాడో లేదు. తర్వాతి అట్ఠకథలు ఆ ఖాళీ పూరించాయి: తక్షశిలలో బాగా చదువుకునే కుర్రాడు, అసూయపడ్డ సహవిద్యార్థులు, చాడీలు నమ్మి వెయ్యి వేళ్ళు గురుదక్షిణగా అడిగిన గురువు. త్యాగి కూడా తనను నడిపించిన ఆ బందిపోటు నాయకుణ్ణి మాస్టర్‌జీ అనే పిలుస్తాడు. గురువు మాట మీద చంపే శిష్యుడి కథ ఆ వ్యాఖ్యానాల నాటికే మనుషుల్ని కలవరపెట్టిందన్నమాట. కారణం తెలియనిదే న్యాయం మనసుకు ఎక్కదని ఆ వ్యాఖ్యాతలకు అనిపించి ఉండాలి.

రెండో అభ్యంతరం దగ్గర మాత్రం నేను సిరీస్ తరఫున నిలబడలేను. హంతకుడి చిన్నతనానికి గంటలు ఇచ్చినవాళ్ళు, అతని చేతిలో చచ్చినవాళ్ళకు నిమిషాలైనా ఇవ్వలేదన్న ఫిర్యాదు న్యాయమైనదే. త్యాగి సుత్తి కింద పోయిన మనుషులకు ముఖాల్లేవు, వాళ్ళ ఇళ్ళు మనం చూడం. అతని అక్కచెల్లెళ్ళు కూడా అతని కోపానికి కారణంగానే వస్తారు, తర్వాత వాళ్ళేమయ్యారో ఎవరికీ పట్టదు. పురుగుల వైపు నుంచి మాండవ్యుడి కథ ఎవరూ చెప్పనట్టే ఇదీ. గతాన్ని సాక్ష్యంగా తీసుకోవాలన్నప్పుడు చనిపోయినవాడి గతం కూడా సాక్ష్యమే. కానీ ఈ లోపానికి మందు ఆ కథల్ని చేర్చడం. ఉన్న కథను కత్తిరించడం వల్ల ఒరిగేది లేదు.

మూడో అభ్యంతరం పోలీసుల గురించి. సిరీస్ పోలీసు దెబ్బల్ని దాచలేదు, నచ్చినవాళ్ళు దాన్ని నిజాయితీ అన్నారు. కొందరు ఇంకో అడుగు వేసి, ఇలాంటివాళ్ళతో నిజం కక్కించాలంటే అదొక్కటే దారన్నారు. ఈ మాటకు జవాబు గుంటూరులో ఉంది. 1983లో బతుకుతెరువుకు అక్కడికి వచ్చిన కోయంబత్తూరు యువకుడు ఎం. చంద్రకుమార్‌ను, తోటివాళ్ళతో పాటు దొంగతనం ఒప్పుకోమని స్టేషన్‌లో పెట్టి హింసించారు. తర్వాత ఆటో నడుపుకుంటూ ఆ అనుభవాన్ని 'లాకప్' అనే నవలగా రాశాడు, దాని మీద వెట్రిమారన్ 2015లో 'విసారణై' తీశాడు, ఆ సినిమా భారతదేశం తరఫున ఆస్కార్‌కు వెళ్ళింది. విజయవాడలో 2007లో జరిగిన ఫార్మసీ విద్యార్థిని హత్య కేసులో 2008లో అరెస్టయిన యువకుడికి 2010లో శిక్ష పడింది, 2017లో హైకోర్టు అతను నిర్దోషి అంది. పలకని మునిని దొంగన్నారు, దెబ్బలకు పలికినవాణ్ణీ దొంగంటారు. మౌనమూ, ఒప్పుకోలూ రెండూ సాక్ష్యాలు కావు. 1872 నాటి సాక్ష్యచట్టంలో ఇరవై ఐదో సెక్షను పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదని రాసింది ఇందుకే. ఆ నియమం కొత్త చట్టంలోనూ కొనసాగుతోంది. సిరీస్ కథే చూడండి: ఆ నలుగురిని వంతెన మీద ఎన్‌కౌంటర్ చేసేస్తే కుట్ర పూర్తయ్యేది. కెమెరాలు ఉండబట్టి ప్రాణాలు దక్కాయి, ప్రాణాలు దక్కబట్టి నిజం మిగిలింది.

ఇదంతా ఢిల్లీ కథ అని పక్కన పెట్టలేం. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య కేసులో పట్టుబడ్డ నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. ఆ అమ్మాయికి జరిగిన ఘోరం చూశాక ఆ కోపం రాకపోతేనే ఆశ్చర్యం. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. పోలీసుల కథనం నమ్మదగింది కాదని, చంపే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని అందులో ఉంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురికి అప్పటికి పద్దెనిమిదేళ్ళు నిండలేదని కూడా కమిషన్ తేల్చింది. ఆ వయసు వాళ్ళ నేరాన్ని చిన్నది చేస్తుందని నేను అనను. 2012 ఢిల్లీ బస్సు అత్యాచార ఘటన తర్వాత పార్లమెంటు 2015లో చట్టం మార్చి, ఘోరమైన నేరాల్లో పదహారు దాటినవాళ్ళను పెద్దవాళ్ళలా విచారించే వీలు కల్పించింది. అలా విచారించాలా వద్దా అన్నదైనా తేల్చాల్సింది వాళ్ళ వయసు, మానసిక స్థితి, పరిస్థితులు పరిశీలించాకే. చటాన్‌పల్లిలో వయసు అడిగే వ్యవధి ఎవరూ ఇవ్వలేదు. యముడి కొలువులో మాండవ్యుడికి దక్కిన విచారణ కూడా వాళ్ళకు దక్కలేదు. పైగా, ఆ ఘోరం జరిగిన రాత్రి నిజంగా ఏం జరిగిందో కోర్టులో తేలే అవకాశాన్ని ఆ తూటాలు ఆ అమ్మాయి కుటుంబం నుంచి కూడా లాగేసుకున్నాయి.

పుట్టుకను బట్టే మనిషిని పాతాళంలో పడేసిన చరిత్ర మనకు ఇంకా దగ్గరిది ఉంది. 1871లో బ్రిటిష్‌వాళ్ళు నేరస్థ తెగల చట్టం తెచ్చారు, దాన్ని తర్వాత మద్రాసుకూ వర్తింపజేశారు. 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి బాపట్ల దగ్గర ఎరుకలవారి కోసం స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పెట్టారు. హాజరు వేయించుకోకుండా ఊరు దాటే వీలు లేదు. ఆ తెగలో పుట్టడమే అనుమానానికి చాలు. చట్టం 1952లో రద్దయింది, అనుమానం అవలేదు. 'ఢిల్లీ క్రైమ్' సిరీస్ రెండో సీజన్ 2022లో ఇలాంటి విముక్త జాతుల మీద పడే నిందనే కథగా తీసుకుంది. తెలుగులో మాత్రం స్టూవర్టుపురం పేరు తెర మీదికి వచ్చినప్పుడు చాలాసార్లు దొంగ ఒక వీరుడై వస్తున్నాడు, 2023లో వచ్చిన 'టైగర్ నాగేశ్వరరావు' దాకా అదే వరస. తెలుగులో పోలీసు సిరీస్‌లు రాస్తున్నవాళ్ళకు ఒక విన్నపం. నిందితుడు ఏ ఊరివాడో, ఏ వయసువాడో, అతని చేతిలో పోయినవాళ్ళెవరో, వాళ్ళ ఇంట్లో ఇప్పుడెవరున్నారో, అతణ్ని పట్టుకున్నవాడు ఏ అధికారంతో కొట్టాడో, ఇవన్నీ ఒకే కథలో చెప్పండి. నిడివి సరిపోకపోతే ఇంకో రెండు భాగాలు తీయండి, చూస్తాం.